బోర్డులో లేని పని

"బెల్లు మోగలా. ఎవురడిగినా అదే మాట," అన్నాడు మునీంద్ర, వంటింటి గోడకున్న బెల్లు డబ్బాను ఊడబెరికి దాని వీపు విప్పుతూ.

లోపలున్న రెండు బ్యాటరీలూ తీసి జేబులో వేసుకున్నాడు. ఖాళీ డబ్బాను మళ్ళీ మేకుకు తగిలించాడు. రెండడుగులు వెనక్కి వేసి, పెళ్ళిలో ఫోటోలు తీసేవాడిలాగా తల వంచి చూసి, కొంచెం వంకరగా ఉందని సర్దాడు కూడా.

అంకాలమ్మ స్టూలు మీద కూర్చుని ఆ చేతులనే చూస్తోంది. సొంత అన్న కొడుకు చేతులు. ఈ చేతులకు డ్రైవరు వీసా ఇప్పించమని ఈ అరబ్బు ఇంటి పెద్ద యజమానురాలు, పెద్ద మామా కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలింది తనే.

ఆ పెద్ద మామాను అంబులెన్సులో తీసుకుపోయి గంటన్నర అయింది. మేడ మీద స్నానాల గదిలో జారి పడింది. ఆఫీసు నుంచి కోడలు నూరా, పనివాళ్ళు చిన్న మామా అని పిలిచే ఆమె, వచ్చి చూసేదాకా, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, రెండు గంటల సేపు తడి నేల మీద అలాగే ఉంది. ఆమె మెడలో ఒక మీట వేలాడుతుంటుంది. అది నొక్కితే వంటింట్లో ఈ బెల్లు మోగుతుంది.

"చిన్న మామా ఆస్పత్రి నుంచి వచ్చేలోపల ముగ్గురమూ ఒకటే మాట మీద నిలబడాల," అన్నాడు మునీంద్ర. "నువ్వు చెప్పు, కళావతీ. మోగిందా?"

కళావతి సింకు ముందర నిలబడి కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది. "లేదన్నా."

"గట్టిగా చెప్పు."

"మోగలేదన్నా."

"అత్తా, నువ్వు?"

అంకాలమ్మ తన చేతులు చూసుకుంది. మధ్యాహ్నం పిసికిన పిండి చేతివేళ్ళ మీద ఎండి పొరలు పొరలుగా లేస్తోంది.

"అత్తా, నిన్నే."

"ఆ బ్యాటరీలు జోబులో సల్లగుండాయా, వెచ్చగుండాయా రా?"

"ఎగతాళికి ఇదా టైము?"

"ఎగతాళి కాదు నాయనా. శవం ముక్కున పుడక పీక్కునేవోని చేతులు ఎట్లుంటాయో నేనెప్పుడూ చూడలా. ఈపొద్దు చూసినా."

"ముసలామె సావలేదు లే," అన్నాడు మునీంద్ర విసుగ్గా. "తుంటి విరిగిందంట. అతుకుతాది."

మునీంద్ర ఈ మధ్య అన్నీ అతికించేస్తున్నాడు. చిన్న మామా అతన్ని సూపర్‌వైజరును చేసి మెడకు ఒక కార్డు తగిలించిన దగ్గర్నుంచి, ఆ కార్డును అందరికీ చూపించి చూపించి అతని మెడ రెండంగుళాలు సాగిందని ఇంట్లో చెప్పుకుంటారు. కారు తోలేటప్పుడు తల పైకప్పుకు తగలకుండా సీటు కిందికి దించుకున్నాడట.

అతను జేబు తడుముకుంటూ బయటికి పోయాడు. వీధి చివర చెత్తడబ్బా మూత పడిన చప్పుడు వంటింట్లోకి వినిపించింది. తిరిగొచ్చి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. కడుక్కోవడం మాత్రం శుభ్రంగా మోచేతులదాకా కడుక్కున్నాడు.

ఫ్రిజ్ పక్కన గోడకు తెల్లటి బోర్డు ఉంది. అక్కడినుంచే మొదలైంది అంతా.

చిన్న మామా ఆఫీసులో పెద్ద ఉద్యోగం. మనుషుల చేత పని చేయించడమెలాగో అక్కడ వారం రోజులు పాఠం చెప్పించారట. ఆ పాఠం తెచ్చి మిష్రిఫ్‌లోని ఈ ఇంట్లో గోడకు తగిలించింది. గడులు గీసింది. ఏ గంటకు ఎవరు ఏ పని అనేది గడిగడికీ రాసింది. చెప్పిన పని చేస్తే ఆకుపచ్చ చుక్క. చెప్పింది చేయకపోయినా, గడి దాటి ఇంకొకరి పనిలోకి పోయినా ఎర్రచుక్క. చుక్కలంటే వేలిగోరంత అయస్కాంతపు బిళ్ళలు. ఇరవై పచ్చచుక్కలకు ఒక శుక్రవారం పూర్తి సెలవు. అయిదు ఎర్రచుక్కలు పడితే మక్తబ్‌కు, అంటే పనిమనుషులను కుదిర్చి పంపే ఆఫీసుకు, వాపసు.

మొదటి నెల ఇల్లు అద్దమైంది. ఆ మాట ఎవరూ కాదనలేరు. మెట్లు ఎంత మెరిశాయంటే, ఇంటి పిల్లి అందులో తన మొహం చూసుకుని ఇంకో పిల్లి అనుకుని మూడు రోజులు మేడ దిగలేదు.

రెండో నెలలో పాలు పొంగాయి. కళావతి పొయ్యి పక్కనే నిలబడి ఉంది. పాలు గిన్నె దాటి, పొయ్యి దాటి, నేల మీదికి కారేదాకా చూస్తూ నిలబడింది. ఏమ్మే అని అరిస్తే, "పొయ్యి నీ గడిలో ఉండాది కదా పెద్దమ్మా," అంది. అది తప్పు కాదు. గడి ప్రకారం కరెక్టే.

పెద్ద మామాకు బోర్డు లేదు. పద్నాలుగేళ్ళ కిందట అంకాలమ్మ కడప నుంచి వచ్చి రాత్రింబగళ్ళు ఏడుస్తుంటే, ఆ మనిషి వంటింట్లోకి వచ్చి, కింద చాప మీద కూర్చుని, ఉల్లిపాయ తరగడం దగ్గర్నుంచి నేర్పింది. "ఈ ఇంటి రుచి నీ చేతిలో పెడుతున్నా. నా పిల్లలు రేపు అమ్మ వంట అంటే నీ వంటనే తలుచుకుంటారు," అంది. ఆ ఒక్క మాటకు అంకాలమ్మ ఎంత ఎత్తు లేచిందో కొలిచేందుకు టేపు లేదు. ఒక రంజాన్‌లో మూడు గోతాల ఉల్లిపాయలు ఒక్క పూటలో ఒలిచింది. ఆ ఘాటుకు నాలుగిళ్ళ అవతలి కాపలావాడు కూడా, ఎవరో పోయారనుకుని ఇంటికి ఫోన్ చేశాడట.

ఒక్కోసారి అంకాలమ్మకు అనుమానం వచ్చేది. అత్త తీపిమాటతో వంచుతుంది, కోడలు చుక్కతో వంచుతోంది, వంగేది మాత్రం నా నడుమే కదా అని. అయినా అత్త పెత్తనంలో, పొంగే పాలు ఎవరివని అడిగినవాళ్ళు లేరు.

"ఏమన్నరక్కా దవాఖానకెల్లి?"

తోటమాలి బాలకిషన్ గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. జగిత్యాల మనిషి. చేతులకు ఖర్జూరపు చెట్ల ముళ్ళు గీరుకుని ఉన్నాయి. చాయ్ కోసం గ్లాసు అందుకుంటూ గోడ వైపు చూశాడు.

"బెల్లు మోగలేదా మరి?"

"బ్యాటరీ అయిపోయింది," అన్నాడు మునీంద్ర.

"ఎట్లయిపోతది? మొన్న మంగళారం ఏసింది నేనే గదా. కొత్తయి."

కళావతి చేతిలో గిన్నె ఆగింది.

"అక్కా," అన్నాడు బాలకిషన్ మెల్లగా. "మోగిందా?"

"మోగింది," అంది అంకాలమ్మ. "పదకొండు సార్లు."

"అత్తా!"

"నువ్వు నోరు ముయ్యి రా. ఈయప్ప దగ్గర దాసేదేముండాది?"

బాలకిషన్ గ్లాసు కింద పెట్టాడు. "పదకొండు సార్లు మోగితె ఎవ్వలు పోలే?"

"బోర్డు చూసినాం."

"ఏంది?"

"బోర్డు చూసినాం, పొయ్యే పని ఎవురి గడిలో ఉండాదో అని."

అది నిజం. బెల్లు మోగడం మొదలుపెట్టినప్పుడు ముగ్గురూ తలలెత్తి గోడ వైపు చూశారు. కళావతి మేడపని పన్నెండింటికి అయిపోతుంది. మళ్ళీ మూడింటికి మొదలు. మధ్యలో ఆ గడి ఖాళీ. చిన్న మామా రాయడం మరిచిపోయింది. ఆ సంగతి ముగ్గురికీ నెల రోజులుగా తెలుసు. చెబితే ఆ పని తమకే పడుతుందని ఎవరూ చెప్పలేదు.

మూడోసారి మోగినప్పుడు కళావతి చేతులు తుడుచుకుని లేచింది.

"యాడికి?" అన్నాడు మునీంద్ర. "నీ పైపని ఖలాస్. గడి దాటినావంటే ఎర్రచుక్క. ఇప్పటికే నాలుగుండాయి నీకు." మేడ మీద ఆడవాళ్ళ గదులు. డ్రైవరు అక్కడికి పోకూడదు. కాబట్టి అతను దర్జాగా కూర్చునే ఆ మాట అన్నాడు.

కళావతి అంకాలమ్మ వైపు చూసింది. పొమ్మంటే పోయేది.

"కూసో బిడ్డా," అంది అంకాలమ్మ. "టీవీ రిమోట్ కోసరం అయింటాది."

అన్నది మునీంద్ర కాదు. ఆ మాట అన్నది తనే. అప్పటికి ఆమె గడిలో పందొమ్మిది పచ్చచుక్కలున్నాయి. సాయంత్రానికి ఇరవయ్యోది పడితే రేపు శుక్రవారం సెలవు. సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పనిచేసే మున్నీ బీ శనివారం పొద్దున విమానం ఎక్కుతోంది, ఇక తిరిగి రాదు. పద్నాలుగేళ్ళ కిందట ఇద్దరూ ఒకే విమానంలో, పక్కపక్క సీట్లలో, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వచ్చారు. ఆమెను ఒక్కసారి చూసి పంపాలని అంకాలమ్మ పందొమ్మిది రోజులుగా ఊపిరి బిగబట్టుకుని చుక్కలు పోగేస్తోంది.

పదకొండోసారి బెల్లు సగంలో తెగిపోయింది. ఆ తర్వాత మోగలేదు. హమ్మయ్య అనుకుంది అంకాలమ్మ. నిజంగానే అలా అనుకుంది.

బాలకిషన్ అంతా విన్నాడు. "మా ఊళ్ళె ఒకడుండె," అన్నాడు. "ఇల్లు తగులబడుతుంటె, నీళ్ళ బకెట్ ఎవ్వలదని ఊరంత తిరిగి అడిగిండు. గాడు సచ్చేదాంక మేం నవ్వినం. గాడే నయం. తిరిగినా తిరిగిండు."

"నిన్నడిగితే ఏం చెప్తావన్నా?" అన్నాడు మునీంద్ర.

"నేను తోటల ఉంటి. నాకేం ఎర్క లేదు." బాలకిషన్ చాయ్‌ను సింకులో ఒలకబోశాడు. "ఈ ఇంట్ల ఎర్క లేకుంట ఉండుడే మంచిగున్నది."

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. తిట్టి పోయాడా, తప్పించుకుని పోయాడా, రెండూనా? అంకాలమ్మ కిటికీలోంచి చూసింది. నీళ్ళ పైపు పట్టుకుని చెట్టు వెనక్కి నక్కినట్టుగా జరిగాడు. రెండూనే.

చిన్న మామా వచ్చేసరికి నాలుగు దాటింది. అబాయా కింది అంచు తడిసి కాళ్ళకు చుట్టుకుంటోంది. కళ్ళకు పెట్టుకున్న కాటుక చెంపలదాకా జారింది. వంటింటి బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రేపు ఆపరేషన్," అంది. "స్పృహ వస్తోంది, పోతోంది."

ఆమె లేచి బెల్లు డబ్బా తీసి చూసింది. ఖాళీ. దాన్ని బల్ల మీద పెట్టింది. "నేను మీకేం తక్కువ చేశాను? ఒక్క రోజైనా జీతం ఆపానా? ఒక్క మాట గట్టిగా అన్నానా? చేసిందానికి పచ్చచుక్క ఇచ్చాను, చేయనిదానికి ఎర్రచుక్క పెట్టాను. ఇంతకంటే న్యాయం ఏముంటుంది?"

అరిచినా బాగుండేది. ఆమె నిజంగానే అడుగుతోంది.

"అత్త పడి ఉన్న ఆ రెండు గంటల్లో ఇక్కడ ఏం జరిగింది?"

మునీంద్ర నేల చూశాడు. కళావతి సింకు చూసింది. అంకాలమ్మ గొంతు సవరించుకుంది. మధ్యాహ్నం నుంచి లోపల తిరుగుతున్నదంతా నాలుక చివరికి వచ్చింది. చెప్పేస్తే చాలు.

సరిగ్గా అప్పుడు చిన్న మామా సొరుగు లాగింది. పిడికెడు పచ్చచుక్కలు తీసి బల్ల మీద పెట్టింది.

"నిజం చెప్పినవాళ్ళకు పది," అంది.

పది చుక్కలు. ఎక్కడో ఒక ముసలామె విరిగిన తుంటితో మూలుగుతుంటే ఇక్కడ నిజానికి రేటు పలుకుతోంది. నాలుక చివరికి వచ్చిన మాట మీద ఈగ వాలినట్టయింది అంకాలమ్మకు. ఇప్పుడు చెబితే పది కోసం చెప్పినట్టు. చెప్పకపోతే ఎప్పటికీ చెప్పనట్టు.

ఆ తటపటాయింపులోనే మునీంద్ర దూరాడు.

"మామా, బ్యాటరీలు కళావతి తీసింది. టీవీ రిమోట్‌కు ఏసుకునింది. నేను ఇంతకుముందే కనుక్కున్నా."

కళావతి గిర్రున తిరిగింది. "అన్నా! ఇంత అబద్ధమా అన్నా? దేవుడు చూస్తాండాడు!"

"నాలుగు ఎర్రచుక్కలున్న మనిషి ఆమె," అన్నాడు మునీంద్ర కార్డు సర్దుకుంటూ. "పనిలో మనసు లేదు మామా."

కళావతిని ఇదివరకే ఒక ఇల్లు మక్తబ్‌కు వాపసు చేసింది. నలభై రోజులు పదిహేను మందితో ఒక్క గదిలో, ఎవరో ఒకరు వచ్చి చూసి తీసుకుపోతారేమో అని తల దువ్వుకుని కూర్చుంది. రెండుసార్లు తిరిగొచ్చిన మనిషిని ఎవరూ తీసుకోరు.

"వాడు చెప్పేది అబద్ధం మామా," అంది అంకాలమ్మ లేచి. "బ్యాటరీలు తీసి పారేసింది వాడు. బెల్లు మోగింది. పదకొండు సార్లు. ముగ్గురమూ విన్నాం. ఈ పిల్ల పోతానని లేచింది. వాడు వద్దన్నాడు. నేను కూసోమన్నా. ఎవరినన్నా పంపాలంటే నన్ను పంపు."

"నీ మాట నమ్ముతాను," అంది చిన్న మామా. "పద్నాలుగేళ్ళలో నువ్వు అబద్ధం చెప్పగా మా అత్త వినలేదు."

ఆమె లేచి బోర్డు దగ్గరికి నడిచింది. ఏడుస్తూనే, మాట తప్పని మనిషి కాబట్టి, పచ్చచుక్కలు పదీ ఒక్కొక్కటే అంకాలమ్మ గడిలో పెట్టింది. టక్, టక్, టక్. తర్వాత ఎర్రవి తీసింది. అంకాలమ్మకు ఒకటి. మునీంద్రకు రెండు, అబద్ధానిది కూడా కలిపి. కళావతికి ఒకటి.

"విన్నవాళ్ళందరికీ ఒకటి," అంది. "రూలు అందరికీ ఒకటే."

కళావతి తన గడి చూసుకుంది. అయిదు.

"మామా, వద్దు! నావి తీసుకో. ఇరవై తొమ్మిదీ తీసి ఆ పిల్లకెయ్యి," అంకాలమ్మ బోర్డు మీద చెయ్యి వేసింది.

"ఒకరివి ఒకరికి మార్చడం కుదరదు. అలా మారిస్తే ఇక బోర్డు ఎందుకు?" చిన్న మామా ఆమె చెయ్యి మెల్లగా తీసేసింది. "రేపు నీకు సెలవు. కళావతీ, బట్టలు సర్దుకో. పొద్దున మక్తబ్ వాళ్ళొస్తారు."

మున్నీ బీ మొహం కళ్ళ ముందుకు వచ్చింది అంకాలమ్మకు. ఆ మొహం మీద కూడా ఏదో జిగట అంటుకుంది.

ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి బాబా, ఈ ఇంటి యజమాని. "అమ్మ నీతో మాట్లాడాలంటోంది," అన్నాడు. చిన్న మామా స్పీకరు నొక్కింది.

సన్నని గొంతు, గాలిలో తడుముకుంటూ వచ్చింది.

"నూరా... పిల్లల్ని ఏమీ అనొద్దు. నేను బెల్లు నొక్కలేదు. మీట ఒంటి కింద పడిపోయింది. చెయ్యి అందలేదు." ఊపిరి కోసం ఆగింది. "వాళ్ళకు వినిపించి ఉంటే రాకుండా ఉంటారా?"

ఫోన్ ఆగింది.

అంకాలమ్మ స్టూలు అంచు పట్టుకుంది. రాకుండా ఉంటారా అంటోంది. పదకొండు సార్లు నొక్కి, ఎవరూ రాక, సగంలో చెయ్యి జారిపోయిన మనిషి, ఆస్పత్రి మంచం మీదినుంచి ఇంకా తమను పెద్దవాళ్ళను చేసి మాట్లాడుతోంది. ఆ మాట అంత ఎత్తు. తామున్నది ఇంత లోతు. ఉమ్మేయాలనిపించింది. ఎక్కడ ఉమ్మాలో తెలియలేదు.

"నొక్కలేదంటోంది," అంది చిన్న మామా. కళ్ళలో నీళ్ళు ఆగిపోయాయి. "అంకాలమ్మా? పదకొండు సార్లు మోగిందన్నావు."

"మోగలేదు మామా," అన్నాడు మునీంద్ర వెంటనే. "నేను మొదటినుంచీ అదే చెప్తాండా."

చిన్న మామా కళావతి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. నీకు వినిపించిందా?"

అంకాలమ్మ ఆ పిల్లనే చూస్తోంది. కళావతి చూపు అయిదు ఎర్రచుక్కల మీదికి పోయింది, మునీంద్ర మీదికి పోయింది, చివరికి నేల మీదికి దిగింది. అంకాలమ్మ వైపు మాత్రం రాలేదు.

"మోగలేదు మామా," అంది కళావతి. "పెద్దమ్మకు వయసైపోయింది. ఉన్నవీ లేనివీ వినపడ్తాంటాయి. నన్ను... నన్ను ఆమె కూసోమనలా. ఆమెకు రేపు సెలవు కావల్ల. ఎవురో పోతాండారంట."

ఎవరో చెంప మీద కొట్టినట్టు అయింది అంకాలమ్మకు. తప్పు ఆ పిల్లది అనుకోవడానికి కూడా మనసు ఒప్పుకోలేదు. బతకడానికి పక్కవాడి మీద కాలు పెట్టడం ఈ వంటింట్లో నేర్చుకున్న విద్యే. పాఠం చెప్పినవాళ్ళలో తనూ ఒకతి.

చిన్న మామా ఆమెకు బాగా దగ్గరగా వచ్చింది. కోపం లేదు ఆ మొహంలో. చెడిపోయిన మాంసం గిన్నె మూత తీసినప్పటి మొహం అది.

"పద్నాలుగేళ్ళు ఈ ఇంట్లో తిన్నావు," అంది. "మా అత్త అక్కడ పడి ఉంటే నువ్వు ఇక్కడ కథ అల్లావు. నిజం చెప్పు అంకాలమ్మా. పది చుక్కల కోసమేనా?"

అవునంటే అయిదో ఎర్రచుక్క పోయి కళావతి ఇక్కడే ఉండిపోతుంది, మక్తబ్ బండి తన కోసం వస్తుంది. కాదంటే ఆ పిల్ల పొద్దునకు సంచితో గేటు దగ్గర నిలబడుతుంది, ఆస్పత్రిలో ముసలామె అబద్ధాలకోరు అవుతుంది.

కళావతి అప్పుడు తలెత్తింది. మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసింది.

అంకాలమ్మ ఎండిన పిండి చేతులు చీరకు తుడుచుకుంది.

"అవును మామా," అంది. "చుక్కల కోసరమే."